మిడిల్ స్కూల్ పిల్లలకు జీవశాస్త్రం ఆసక్తిగా చెప్పాలంటే ఏం చేయాలి? మంచి వీడియోలు చూపిస్తే సరిపోదా?

సరిపోదు. పాఠానికి ముందే చూపిస్తే నష్టం కూడా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏళ్ల తరబడి ఈ సబ్జెక్టే చెబుతున్నదాన్ని కాబట్టి కాస్త గట్టిగానే అంటున్నాను.

అసలు ఈ వయసు పిల్లలకు ఆసక్తి లేదన్నది పెద్దవాళ్లు పుట్టించిన మాట. గోడ మీద చీమల బారు కనిపిస్తే బెల్ కొట్టినా కదలకుండా నిలబడేది వీళ్లే. ఆసక్తి మనం కొత్తగా తెప్పించనక్కర్లేదు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు. చెడగొట్టడానికి దగ్గరి దారి, వస్తువు కంటే ముందు పుస్తకంలో బొమ్మ చూపించడం.

ఒకసారి ఏడో తరగతికి ఉల్లిపొర ప్రయోగం పెట్టాను. అందరికీ తెలిసిందే. ఉల్లి రేకు లోపలి వైపు నుంచి పలచటి పొర ఒలిచి, స్లైడు మీద నీటిచుక్కలో ముడతలు లేకుండా పరిచి, ఒక చుక్క అయోడిన్ వేసి, కవర్ స్లిప్ అనే పలచటి గాజుముక్క మూసి మైక్రోస్కోప్‌లో చూడాలి. అందరూ వరుసగా వచ్చి చూసి, వెళ్లి బొమ్మ గీశారు. నోటు పుస్తకాలు తిరగేస్తే సగం మంది బొమ్మల్లో కణం నిండా పచ్చటి గింజలు! ఆకుకు పచ్చరంగునిచ్చే హరితరేణువులట. ఉల్లిగడ్డ లోపలి పొరలో హరితరేణువులు ఎక్కడివి? "నీకు ఎక్కడ కనిపించాయిరా?" అంటే, "పుస్తకంలో ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు ఒకడు ఏమాత్రం తొణక్కుండా. కింది తరగతిలోనే వృక్షకణం బొమ్మ గీయించేశారట, రంగులతో సహా.

వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం వేరేది గీసింది. గుండ్రంగా ఉంది, చుట్టూ మందపాటి నల్లటి అంచు, లోపల ఖాళీ. "ఇదే మేడమ్ కణం, మిగతావన్నీ ఉత్త గీతలు" అని వాదన. అది గాలిబుడగ. కవర్ స్లిప్‌ను ఏటవాలుగా ఆనించి మెల్లగా దించకపోతే కింద గాలి చిక్కుకుంటుంది. మొదటిసారి మైక్రోస్కోప్‌లోకి చూసిన పిల్లల్లో చాలామంది మురిసిపోయేది దాన్ని చూసే. "అది బుడగ" అని ఒక్క మాటంటే అక్కడితో అయిపోయేది. అనలేదు. చేతికి సూది ఇచ్చి, "కన్ను తీయకుండా, కవర్ స్లిప్ అంచు మీద మెల్లగా నొక్కి చూడు" అన్నాను.

నొక్కింది. గుండ్రటిది కాస్త సాగి, పక్కకు జారి, రెండుగా విడిపోయింది. ఇటుకలు పేర్చినట్టున్న గళ్లు, అంటే అసలు కణాలు, మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. "జారిపోతోంది మేడమ్! పొరలోదైతే పొరతోనే ఉండాలి కదా" అంది. తన బొమ్మను కొట్టేయలేదు, పక్కన బాణం గుర్తు పెట్టి 'గాలి' అని రాసుకుంది. కాసేపటికి తనే మళ్లీ వచ్చి, ఆ గళ్లలో ఓ అంచుకు ఒదిగి పసుపుపచ్చగా ఒక చుక్క ఉంది, ఏమిటని అడిగింది. కణాన్ని నడిపించే భాగం అదేనని, కేంద్రకం అన్న పేరు అప్పుడు చెప్పాను. ఆ పిల్లకు అది ఇక జన్మలో మర్చిపోయే మాట కాదని నా నమ్మకం.

అప్పటి నుంచి నా తరగతిలో రంగు పెన్సిళ్లు బంద్. మామూలు పెన్సిల్‌తో, చూసిందే గీయాలి. ఎన్ని రెట్లు పెద్దదిగా చూశారో కింద రాయాలి. కంటి దగ్గర కటకం 10, కింది కటకం 10 అయితే మొత్తం 100 రెట్లు. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుందని ముందే చెప్పకండి. కాసేపు తికమకపడి వాళ్లే పట్టుకుంటారు.

పరీక్షల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. బొమ్మ నీట్‌గా ఉందా, పేర్లన్నీ పెట్టారా, అంతే లెక్క. 1665లో బెండుముక్కను చూసి రాబర్ట్ హుక్ గీసిన బొమ్మలో ఖాళీ గదుల గోడలు తప్ప ఏమీ లేవు, ఎందుకంటే బెండులో ఉండేవి చచ్చిన కణాలు. కేంద్రకానికి రాబర్ట్ బ్రౌన్ పేరు పెట్టింది 1831లో. మన పరీక్ష పెడితే పాపం హుక్ ఫెయిల్. ఇంకో బాధ, బీరువాలో తాళం వేసిన మైక్రోస్కోపులు. పిల్లలు పాడుచేస్తారని దాస్తారు. తేమలో మూసిపెడితే కటకాలకు బూజు పడుతుంది, అదెవరికీ పట్టదు.

చూడకుండా నేర్చుకున్న చదువు పెద్దయ్యాక కూడా వదలదు. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయని డిగ్రీలున్నవాళ్లే చెబుతుంటారు. శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగదు. మొలకెత్తే గింజలను మూసిన సీసాలో ఉంచి, ఆ గాలిని సున్నపు తేటలోకి పంపితే, గింజలు శ్వాసక్రియలో వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పట్టపగలే అది తెల్లబడుతుంది. ఇది చూసిన పిల్లలకు ఆ అపోహ ఉండదు.

అలాగే "ఇంత పెద్ద చెట్టుకు ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. తరగతి మొత్తం "మట్టి నుంచి" అంటుంది. అప్పుడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త కథ చెప్పాలి. ఆరబెట్టి తూచిన 200 పౌండ్ల మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది, మట్టి తగ్గింది ఓ 2 ఔన్సులు. అయితే బరువంతా నీళ్లదే అని తేల్చేశాడు మహానుభావుడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆయన లెక్కలోకే రాలేదు. తూకమంతా సరిగ్గా వేసి జవాబు తప్పు చెప్పిన పెద్దమనిషంటే పిల్లలకు భలే ఇష్టం. "మరైతే ఎక్కడి నుంచి?" అని వాళ్లే వెంటపడతారు. గాలి అంటే మొదట ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే నాకు కావాలి, మరుసటి పీరియడ్ అక్కడి నుంచి నడుస్తుంది.

ఇక వీడియోలు. గుండె కవాటాలు తెరుచుకోవడం, గుడ్డులో పిండం ఎదగడం లాంటివి తరగతిలో చూపలేం, వాటికి వీడియో భేషుగ్గా ఉంటుంది. కాకపోతే సౌండ్ ఆపేసి వేయండి, ఏం జరుగుతోందో పిల్లల్నే చెప్పమనండి. గోల గోల అవుతుంది, పక్క తరగతి టీచర్ వచ్చి తలుపు కొడతారు. ఆవిడకు సర్దిచెప్పుకోవడం మీ తిప్పలు.