భూగర్భజలంలోని ద్రావకాలను బ్యాక్టీరియా శుద్ధి చేయగలదా?

ప్రశ్న: లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలిన్ భూగర్భజలంలో కలిస్తే, దానిని బ్యాక్టీరియాతో తొలగించవచ్చని చదివాను. అది నిజంగా సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. నీటికన్నా బరువైన ఈ ద్రావకం లోతుకు దిగి, రాతి పగుళ్లలో నిలిచి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూనే ఉంటుంది కనుక, నీటిని తోడి శుభ్రపరచడం ఒక్కటే చాలా చోట్ల సరిపోదు. ఆక్సిజన్ లేని చోట బతికే డీహాలోకొకాయిడిస్ అనే బ్యాక్టీరియా, మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టే ఈ అణువులను శ్వాసక్రియకు వాడుకుంటూ, ఒక్కొక్క క్లోరిన్ పరమాణువును తొలగించి దాని స్థానంలో హైడ్రోజన్‌ను చేరుస్తుంది. చివరికి మిగిలేది హాని చేయని ఇథిలిన్. ఇంత దూరం మార్చగల జీవిని శాస్త్రజ్ఞులు 1997లో వెల్లడించారు. దానికి కావలసిన హైడ్రోజన్ కోసం లాక్టేట్‌ను (లాక్టిక్ ఆమ్లపు లవణాన్ని) గాని, నీటిలో బాగా చిలికిన వంటనూనెను గాని బావుల ద్వారా భూమిలోకి పంపుతారు. ఇతర సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది.

నన్ను కలవరపెట్టేది మధ్యదశ. అక్కడ ఏర్పడే వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకం, పైగా దానిని మార్చే శక్తి ఈ బ్యాక్టీరియాలోని అన్ని రకాలకూ లేదు. తగిన రకం లేని చోట చర్య అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు ప్రయోగశాలలో పెంచిన బ్యాక్టీరియాను బయటినుంచి చేర్చవలసి వస్తుంది. అందువల్ల ట్రైక్లోరోఇథిలిన్ తగ్గిందని చూపే నివేదికతో తృప్తిపడకుండా, వినైల్ క్లోరైడ్, ఇథిలిన్‌ల కొలతలను కూడా తప్పక అడగండి.