ఒకరు లేచి వెళ్లాక ఏకగ్రీవమా?

సందేహం: 2023 డిసెంబరులో యుక్రెయిన్‌తో చేరిక చర్చలు మొదలుపెట్టాలని యూరోపియన్ యూనియన్ నేతలు ‘ఏకగ్రీవంగా’ నిర్ణయించారని చదివాను. ఆ సమయంలో హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోనే లేరట. అయినా ఏకగ్రీవం అనొచ్చా? ఏకాభిప్రాయం అనాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: సరైన చోటే పట్టుకున్నారు. గ్రీవ అంటే మెడ. పది మెడలవాడు దశగ్రీవుడు, గుర్రపు మెడవాడు హయగ్రీవుడు. ఎంతమంది ఉన్నా మెడ ఒక్కటే అన్నట్టు పలికితే ఏకగ్రీవం. హిందీలో సర్వసమ్మతి అంటారు, కన్నడంలో సర్వానుమత అంటారు. మన మాటలో ఉన్న బొమ్మ వాటిలో లేదు.

ఈ మాట వింటే నాకు పంచతంత్రంలోని భారుండ పక్షి గుర్తొస్తుంది. ‘ఏకోదరాః పృథగ్గ్రీవాః’ అంటుంది శ్లోకం. కడుపు ఒకటి, మెడలు వేరు. ఒక తలకు అమృతంలాంటి పండు దొరికింది. నాకూ కాస్త పెట్టమంది రెండో తల. ఎలాగూ పోయేది ఒకే కడుపులోకి కదా అని మొదటిది పెట్టలేదు. ఆ కసితో రెండోది విషపు పండు తినేసింది. పక్షి చచ్చిపోయింది.

యూనియన్‌ది ఈ పక్షి కష్టమే. మార్కెట్ ఒకటి, మెడలు 27. 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం చాలా విషయాలను మెజారిటీకి మార్చింది. 15 దేశాలు ఒప్పుకుని, వాటిలో యూనియన్ జనాభా 65 శాతం ఉంటే చాలు. విదేశాంగం, పన్నుల దగ్గర మాత్రం ఇప్పటికీ ఒక్క దేశం కాదన్నా పని ఆగిపోతుంది.

ఇక మీరడిగిన సంగతి. డిసెంబరు 14న ఓర్బాన్ లేచి బయటికి వెళ్లారు, మిగిలిన 26 మంది నిర్ణయం తీసుకున్నారు. ఈ నిర్ణయం తనకు సమ్మతం కాదని ఆయన బయట చెప్పారు గానీ లోపల అడ్డుపడలేదు. ఆ రాత్రే యుక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయాన్ని మాత్రం ఆపేశారు. 2024 ఫిబ్రవరి 1న గానీ ఆయన దిగిరాలేదు. దేశాధినేతల ఆ సభ మామూలుగా ఏకాభిప్రాయంతో, అంటే ఎవరూ అడ్డుపడకుండా, నడవాలని ఒప్పందంలోనే ఉంది. కాబట్టి ఇక్కడ ఏకాభిప్రాయమే మేలు. ఏకగ్రీవం తప్పని మాత్రం గట్టిగా అనలేను. సభలో ఉన్నవారు ఓటు వేయకుండా ఊరుకున్నా ఏకగ్రీవం చెడదని అదే ఒప్పందం చెబుతోంది. మన పల్లెల్లోనూ పోటీ లేకపోతే చాలు, సర్పంచ్ ఏకగ్రీవం అంటున్నాం.

‘సంపూర్ణ ఏకగ్రీవంగా’ అని రాసే విలేకరులను మాత్రం మందలించక తప్పదు. మెడ ఒక్కటే అన్నాక అందులో సంపూర్ణం, అసంపూర్ణం ఏముంటాయి? ముక్తకంఠం వేరు. అది గొంతు విప్పి చెప్పడం, ఒక్కరైనా చెప్పొచ్చు.

ఏకగ్రీవం నియమాన్ని తీసేసి విదేశాంగాన్ని కూడా మెజారిటీకి మార్చాలన్న సంస్కరణ గురించి రాసేటప్పుడు మాత్రం ఏకాభిప్రాయం అనకండి. ఆ మార్పుకు కావలసింది ఏకగ్రీవమే.