డౌలా అంటే మంత్రసానా? శరణార్థి స్త్రీలకు ఆమెతో పనేంటి? మన బెంగళూరులో దొరుకుతారా?

మంత్రసాని కాదు. డౌలా పురుడు పోయదు, మందులివ్వదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి పక్కనే ఉండి నడుం రుద్దుతుంది, ధైర్యం చెబుతుంది, డాక్టర్ మాటల్ని విడమరిచి చెబుతుంది. ఇలా విడవకుండా తోడుంటే సిజేరియన్లు తగ్గుతాయని 2017 నాటి కాక్రేన్ సమీక్ష (చాలా వైద్య అధ్యయనాలను కలిపి చూసేది) తేల్చింది.

శరణార్థులకు భాష రాదు, అయినవాళ్లు ఉండరు. పైగా జాతి వివక్ష. బ్రిటన్‌లో 2019-21 లెక్కల ప్రకారం ప్రసూతి మరణాల రేటు తెల్లజాతి స్త్రీలకన్నా నల్లజాతి స్త్రీలలో దాదాపు 4 రెట్లు. కారణాలు చాలా ఉన్నాయి. నొప్పి అంటే నమ్మకపోవడం ఆ స్త్రీలు తరచూ చెప్పే ఫిర్యాదు. అడక్కుండా పరీక్ష చేయబోతే, "ఆమె ఇంకా సరేననలేదు" అనే మనిషి గదిలో ఉండటం చిన్న విషయం కాదు.

బెంగళూరులో డౌలాలు ఉన్నారు కానీ ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లేవాళ్లకే. పాలమూరు నుంచి బిల్డింగ్ పనికొచ్చి, కన్నడం రాక, "అరవకు" అని కసురు తినే అమ్మాయికి ఆ ఫీజు ఎక్కడిది? అసలు అవసరం ఆమెకే! ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా బంధువైన ఒక స్త్రీని అనుమతించాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. తోడొచ్చే ఆమెకు కాన్పు అనుభవం ఉంటే మంచిదంటారు. బంధువులెవరూ లేకపోతే, రెండు భాషలూ వచ్చిన పొరుగావిడను రానిస్తారా? తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకిచ్చే కార్డు) పట్టుకుని చెకప్‌కు వెళ్లినప్పుడే ఈ సంగతి అడిగి పెట్టుకోండి. నొప్పులొచ్చాక గేటు దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.