నాన్నగారికి మలంలో రక్తం: ముందు కొలనోస్కోపీ చేయించండి

గాజువాక సోదరా, 58 ఏళ్ల నాన్నగారికి నాలుగు నెలలుగా మలంలో రక్తం పడుతోందని, మొలలని మందులు వాడారని, హిమోగ్లోబిన్ 8కి దిగిందని రాశారు. ఆలస్యమైపోయిందా అని అడిగారు.

మొలలు ఉన్నంత మాత్రాన పేగు క్యాన్సర్ లేదని కాదు, రెండూ కలిసి ఉండవచ్చు. ఈ వయసు మగవారికి ఇనుము లోపంతో రక్తం తగ్గితే పెద్దపేగు చూడాల్సిందే. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వైద్యుణ్ణి) కలిసి కొలనోస్కోపీకి, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, తేదీ తీసుకోండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. వాటివల్ల మలం నల్లగా, జిగటగా మారి పేగు గోడ సరిగా కనిపించదు, అందుకే సాధారణంగా కొన్ని రోజుల ముందే ఆపిస్తారు.

గడిచిన నెలల గురించి కుమిలిపోకండి. కొన్ని అధ్యయనాల్లో త్వరగా నిర్ధారణ అయినవారే తక్కువ కాలం బతికినట్టు కనిపిస్తుంది. వ్యాధి ముదిరి, పేగు మూసుకుపోయి అత్యవసరంగా చేరిన రోగులకు వెంటనే నిర్ధారణ అవుతుంది, వారూ ఆ లెక్కలో ఉండటం ఒక కారణం. అలాగని ఆగకూడదు. అమెరికా గణాంకాల ప్రకారం, వ్యాధి పేగుకే పరిమితమైతే ఐదేళ్లు దాటేవారు సుమారు 90 శాతం. దూర అవయవాలకు పాకితే 15 శాతం దరిదాపులే.

బయాప్సీలో (పేగు నుంచి తీసిన చిన్న ముక్క పరీక్షలో) క్యాన్సరని తేలితే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.