గేజి 'లీన్' అంటోంది, నమ్మాలా?

ప్రశ్న: మజ్దా 13బీ రోటరీ ఇంజిన్‌తో సొంతంగా విమానం కడుతున్నాం. బంకు పెట్రోలు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసినది). నేలమీద ఫుల్ థ్రాటిల్ ఇస్తే మిక్స్చర్ గేజి (ఒక పాలు ఫ్యుయల్‌కి ఎన్ని పాళ్ల గాలో చూపేది) 14 దాటి లీన్ (ఫ్యుయల్ తక్కువ) అంటోంది, ఇంజిన్ తడబడుతోంది. ఫ్యుయల్ పెంచినా తడబాటు పోలేదు. – ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఇక ఫ్యుయల్ పెంచకండి. గేజికి రీడింగ్ ఇచ్చే ఎగ్జాస్ట్ సెన్సార్ కొలిచేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌నే. ఒక్క మంట తప్పినా కాలని గాలి నేరుగా సెన్సార్‌కి చేరి, రిచ్‌గా (ఫ్యుయల్ ఎక్కువగా) ఉన్న ఇంజిన్‌ని కూడా లీన్ అని చూపిస్తుంది. సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ జాయింటు లీకైనా అంతే.

ముందు ప్లగ్గులు విప్పి చూడండి. తడిగా, నల్లగా మసి ఉంటే రిచ్ అన్నమాటే. తర్వాత ప్లగ్గులకి స్పార్కునిచ్చే కాయిల్ కనెక్టర్లు, ఎర్తు వైర్లు. మన సముద్రపు ఉప్పుగాలికి వాటిమీద పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. గీకి శుభ్రం చేసి డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి.

తడబాటు పోయాకే ట్యూనింగ్. తోక గట్టిగా కట్టి, కూలెంట్ 80 డిగ్రీలకు వచ్చాక, కాస్త రిచ్ నుంచి మొదలుపెట్టి ఫ్యుయల్‌ని 2 శాతం చొప్పున తగ్గించండి. ఫుల్ పవర్‌లో లాంబ్డా (ఫ్యుయల్ సరిగ్గా కాలడానికి కావలసిన గాలిలో ఎంత వంతు ఉందో చెప్పే అంకె; 1 కంటే తక్కువైతే రిచ్) 0.85 దగ్గర ఆపేయండి. అక్కడ లీన్ చేస్తే డిటొనేషన్‌కి (మిక్స్చర్ అదుపు తప్పి ఒక్కసారిగా పేలడానికి) ఎపెక్స్ సీల్ (రోటర్ మూలన ఉండే సీలు) విరుగుతుంది. ఇంజిన్ విప్పక తప్పదు. పొదుపు క్రూయిజ్‌లో చూసుకోండి, లీన్‌ని రోటరీ అక్కడ బాగానే ఓర్చుకుంటుంది.

మ్యాప్ (ఎప్పుడు ఎంత ఫ్యుయల్ ఇవ్వాలో కంప్యూటర్‌కి చెప్పే పట్టిక) మామూలు పెట్రోలుకి రాసినదైతే ఈ20కి దాదాపు 7 శాతం ఎక్కువ ఫ్యుయల్ కావాలి. సీసం కలిసిన ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) పోస్తే మాత్రం సెన్సార్ త్వరగా పాడవుతుంది.