డాక్టర్ సలహా: కిడ్నీ జబ్బు ఒక్కటే, పేర్లు మూడెందుకు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా ఆయనకు 46 ఏళ్లు, మిర్చి రైతు. రెండు నెలలుగా కాళ్ల వాపులు. మొదట చూసిన డాక్టర్ నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. వరంగల్‌లో బయాప్సీ చేస్తే మెంబ్రేనస్ నెఫ్రోపతి అని వచ్చింది. ఇప్పుడు ప్రైమరీనా, సెకండరీనా తేల్చాలని మళ్లీ రక్తపరీక్షలు రాశారు. ఒక్క మనిషికి ఇన్ని జబ్బులా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఆయనకున్నది ఒక్కటే జబ్బు. మూడుసార్లు మూడు వైపుల నుంచి చూశారు, అంతే.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెడలుంటాయి. వాటినే గ్లోమెరులై అంటాం. జల్లెడ పాడైతే రక్తంలోని ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. మూత్రం నురగ కడుతుంది. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, కాలి ఎముక మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉంటుంది. రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ పోయి, రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ అయిన ఆల్బుమిన్ తగ్గితే అది నెఫ్రోటిక్ సిండ్రోమ్. లక్షణాలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. మూత్రంలో రక్తం, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగడం ముందుకొస్తే నెఫ్రిటిక్ అంటాం.

రెండో పేరు బయాప్సీలో, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసినప్పుడు, మైక్రోస్కోప్ చెప్పింది. చిన్నపిల్లల్లో ఇవే వాపులొస్తే ఎక్కువగా మినిమల్ చేంజ్ (మామూలు మైక్రోస్కోప్‌లో జల్లెడ దాదాపు బాగానే కనిపించే) జబ్బే కాబట్టి బయాప్సీ లేకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతాం. పెద్దవాళ్లలో ఆ అంచనా కుదరదు. మీ ఆయనకు జల్లెడ గోడ మందమైంది, అదే మెంబ్రేనస్.

ఇక అసలు ప్రశ్న, ఎందుకొచ్చిందని. రక్తంలో పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ (జల్లెడలోని ఒక ప్రొటీన్ మీద పడే పదార్థం) ఉంటే చాలావరకు ప్రైమరీ, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే జల్లెడ మీద పడటం. హెపటైటిస్ బి, లూపస్ (రక్షణ వ్యవస్థ ఒంట్లోని పలు భాగాల మీద పడే జబ్బు), కొన్నిసార్లు క్యాన్సర్, నొప్పి గోలీలు, పాదరసం కలిసిన నాటు మందులు, తెల్లబడే క్రీములు కారణమైతే సెకండరీ. అప్పుడు ముందు ఆ కారణాన్ని తీసేయాలి. మిర్చి పనుల్లో నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగి వేసుకున్న గోలీలు, ఎవరో ఇచ్చిన భస్మం, ఏవైనా ఉంటే అన్నీ ఒక కవర్లో వేసి డాక్టర్‌కు చూపించండి. తిడతారని దాచొద్దు. నేను అడిగితే "ఏం వాడలేదు సార్" అని, లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పినవాళ్లున్నారు.

ప్రైమరీ అని తేలినా వెంటనే బలమైన మందులు రాయకపోవచ్చు. దాదాపు మూడోవంతు మందిలో అది తనంతట తానే తగ్గుతుంది. ఈలోగా ఊరగాయలు, ఉప్పు బాగా తగ్గించండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.