రిటైరయ్యాక మళ్లీ ఫ్లయింగ్ మొదలుపెడితే ఏ లైట్ స్పోర్ట్ విమానం (సరదాగా నడుపుకునే చిన్న, తేలికపాటి విమానం) తీసుకోవాలి?

స్పీడు, కాక్‌పిట్ స్క్రీన్ల కంటే ముందు అది మనుషులతో పెట్రోలుతో కలిపి ఎంత బరువు మోస్తుందో చూసి, మోకాళ్లు ఇబ్బంది పడకుండా ఎక్కి దిగగలిగేదే తీసుకోండి.

ఎందుకంటే అమెరికాలో 2004లో ఈ క్లాసుకి పెట్టిన గరిష్ఠ బరువు, విమానం, మనుషులు, పెట్రోలు, బ్యాగులు అన్నీ కలిపి, 600 కిలోలే, చాలా మోడళ్లు ఆ లెక్కకే తయారయ్యాయి. ఖాళీ విమానమే 350 కిలోలనుకోండి, 85 కిలోల వాళ్లు ఇద్దరు కూర్చుంటే ఇంక మిగిలేది 80, వంద లీటర్ల పెట్రోలే దాదాపు 72 కిలోలు, మరి బ్యాగులెక్కడ పెడతారు? పైగా హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, మే మధ్యాహ్నం గాలి ఇంకా పల్చబడి టేకాఫ్‌కి రన్‌వే ఎక్కువ పట్టుద్ది.

చాలామంది విమానం తేలిక కాబట్టి నడపడమూ తేలికే అనుకుంటారు, అది తప్పు. ఒకప్పుడు సెస్నా 152 (ఫ్లయింగ్ స్కూళ్లలో వాడే రెండు సీట్ల శిక్షణ విమానం) నడిపిన చేతికి ఇది కొత్తగానే ఉంటుంది, పవర్ తీయగానే స్పీడు టక్కున పడిపోద్ది, పక్కగాలికి ఊగిపోద్ది. కాబట్టి డబ్బు కట్టేముందు అదే మోడల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని గాలి ఉన్న రోజు ల్యాండింగులు చేసి చూడండి. అమెరికాలోలా మెడికల్ బదులు డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఇక్కడ కుదరదు, డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్ పరీక్ష సంగతి అన్నిటికంటే ముందు తేల్చుకోండి.